లవం చూపిస్తారు, హారం దాస్తారు: ఎన్నికల ప్రచారంలో బేస్ రేట్ ఫాలసీ

2019 జనవరి 25న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం నుంచి ఒక ప్రకటన వచ్చింది. ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లలో దాదాపు 95 వేల మందికి పౌరసత్వం లేకపోవచ్చని, వాళ్లలో 58 వేల మంది 1996 నుంచి 2018 దాకా జరిగిన ఎన్నికల్లో కనీసం ఒకసారి ఓటు కూడా వేశారని అందులో ఉంది. రాష్ట్ర అటార్నీ జనరల్ వెంటనే ఓటర్ల మోసం జరిగిపోతోందంటూ ట్వీట్ చేశారు. రెండు రోజుల తర్వాత అప్పటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కూడా అందుకున్నారు. ప్రకటనలో ఉన్న 'లేకపోవచ్చు' ఆయన ట్వీట్‌కి వచ్చేసరికి పోయింది, పౌరులు కాని 58 వేల మంది టెక్సాస్‌లో ఓటు వేశారని తేల్చి చెప్పేశారు.

ఈ జాబితా ఎలా తయారైందో చూస్తే విషయం అర్థమవుతుంది. పౌరసత్వం లేకపోయినా చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లు టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోవచ్చు, అప్పుడు వాళ్లు చూపించిన కాగితాలను బట్టి 'పౌరులు కారు' అని రికార్డుల్లో రాసుకుంటారు. ఆ లైసెన్స్ అప్పట్లో 6 ఏళ్లు చెల్లేది. ఈలోగా మనిషికి పౌరసత్వం వచ్చినా ఆ సంగతి లైసెన్స్ ఆఫీసుకి వెళ్లి చెప్పాల్సిన పని లేదు, నేరుగా వెళ్లి ఓటరుగా నమోదు చేసుకుంటారు, చాలామంది అదే చేస్తారు. అధికారులు ఈ పాత లైసెన్స్ రికార్డునీ ఓటర్ల జాబితానీ పక్కపక్కన పెట్టి, రెండిట్లో ఉన్న పేర్లన్నీ బయటికి తీశారు. టెక్సాస్‌లో ఏటా 50 వేల మందికి పైగా కొత్తగా పౌరసత్వం పొందుతుంటారు. ఆ ఒక్క అంకె తెలిస్తే చాలు, ఆ 95 వేల పేర్లలో ఎక్కువ భాగం ఎవరివో ఊహించడానికి గణిత పండితులు అక్కర్లేదు.

నాలుగైదు రోజుల్లోనే దాదాపు 25 వేల పేర్లు పొరపాటున చేరాయని, వాళ్లకి పౌరసత్వం ఉన్నట్టు ప్రభుత్వం దగ్గరే ఆధారాలున్నాయని తేలింది. ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి ఒకరు ఈ జాబితా ఆధారంగా పేర్లు తీసేయొద్దని ఆపారు, ఏప్రిల్‌లో ప్రభుత్వం రాజీకొచ్చి మొత్తం కార్యక్రమాన్నే రద్దు చేసుకుంది, మే నెలాఖరుకి సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవి వదిలి వెళ్లారు. కానీ 58 వేలు అన్న అంకె జనం నోట్లో పడిపోయింది, దాన్ని వెనక్కి తెచ్చే జడ్జి ఎవరూ లేరు.

ఇక్కడ ఎవరూ సున్నాలు కల్పించలేదన్నది గమనించండి. 95 వేల పేర్లు నిజంగానే రెండు రికార్డుల్లోనూ కలిశాయి. దాచింది ఒక్కటే, ఇలా పేర్లు కలిసే అవకాశం మామూలుగా ఎంత ఉంటుంది, అందులో అసలు నేరం ఎంత ఉండొచ్చు అన్న నేపథ్యపు లెక్క. దాన్నే బేస్ రేట్ అంటారు. మన స్కూలు లెక్కల్లో చెప్పుకుంటే భిన్నంలో లవం చూపించి హారం దాచడం. ఆ దాచిన హారాన్ని మనం కూడా అడగకుండా, కళ్లముందున్న లవాన్ని చూసి తీర్పు చెప్పేయడమే బేస్ రేట్ ఫాలసీ.

మనుషులు ఇందులో ఇంత తేలిగ్గా ఎందుకు పడతారో 1973లో డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగంలో చూపించారు. వంద మంది ఉన్న గుంపులో 70 మంది లాయర్లు, 30 మంది ఇంజనీర్లు అని కొందరికి చెప్పారు, మరికొందరికి దీన్ని తిరగేసి 30 మంది లాయర్లు, 70 మంది ఇంజనీర్లు అని చెప్పారు. ఆ గుంపులోంచి ఒకరిని ఎంచితే ఇంజనీరు అయ్యే అవకాశం ఎంత అని ఊరికే అడిగితే అందరూ సరిగ్గానే చెప్పారు. తర్వాత ఒక మనిషి వర్ణన ఇచ్చారు: 30 ఏళ్లు, పెళ్లయింది, పిల్లల్లేరు, సమర్థుడు, తోటివాళ్లకి ఇష్టమైనవాడు. ఇందులో లాయరని గానీ ఇంజనీరని గానీ సూచించే ముక్క ఒక్కటీ లేదు. అయినా ఆ వర్ణన చదివాక రెండు గుంపులవాళ్లూ యాభై యాభై అనేశారు. 70, 30 అన్న అంకెలు ఎటు పోయాయో తెలీదు.

ఈ ప్రయోగంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఆ చివరి ముక్కే. బలమైన కథ వచ్చి లెక్కని పక్కకి నెట్టిందంటే ఒక అర్థం ఉంది, ఇక్కడ ఏ సమాచారమూ లేని నాలుగు వాక్యాలే ఆ పని చేశాయి. అలాంటప్పుడు రక్తం, ఏడుపు, ఫొటో, పేరు, ఊరు అన్నీ ఉన్న కథ ఏం చేస్తుందో ఆలోచించండి. ప్రచారాలు నడిపేవాళ్లకి ఈ పేపర్లు చదవాల్సిన పనే లేదు, ఏ ప్రకటన పని చేస్తోందో ఏది చేయట్లేదో వాళ్లకి సర్వేల్లో కనిపిస్తూనే ఉంటుంది.

1988 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ బుష్ సీనియర్‌కి పోటీగా నిలబడ్డ మైకేల్ డుకాకిస్ అప్పుడు మాసచూసెట్స్ గవర్నర్. ఆ రాష్ట్రంలో ఖైదీలకి కొన్ని గంటలో, ఒక వారాంతమో బయటికి వెళ్లి వచ్చేలా సెలవులిచ్చే పద్ధతి ఉండేది. దాన్ని 1972లో మొదలుపెట్టింది బుష్ పార్టీకే చెందిన గవర్నర్. హత్య కేసులో పెరోల్ లేని యావజ్జీవం అనుభవిస్తున్న విల్లీ హోర్టన్ 1986లో అలా వెళ్లి తిరిగి రాలేదు, 1987లో మేరీలాండ్ రాష్ట్రంలో ఒక ఇంట్లో చొరబడి ఒకతని మీద దాడి చేసి, అతనికి కాబోయే భార్య మీద అత్యాచారం చేశాడు. ఘోరం, అందులో మరోమాట లేదు. 1988 సెప్టెంబర్‌లో బుష్‌కి మద్దతిచ్చే ఒక బయటి సంఘం హోర్టన్ ఫొటోతో టీవీలో ప్రకటన వేసింది. అతను నల్లజాతివాడు, బాధితులు తెల్లవాళ్లు, ఆ ఫొటో చేసిన పని మాటల కంటే ఎక్కువే.

నేను దగ్గర్నుంచి చూపించాలనుకుంటున్నది మాత్రం అక్టోబర్‌లో బుష్ ప్రచార బృందమే వేసిన రెండో ప్రకటన. జైలు గేటు గుండ్రంగా తిరిగే తలుపులా ఉంటుంది, ఖైదీలు ఒకవైపు నుంచి లోపలికి వెళ్లి ఇంకోవైపు నుంచి బయటికి వచ్చేస్తుంటారు. పెరోల్‌కి కూడా అర్హత లేని హంతకులకి డుకాకిస్ సెలవులిచ్చారని, బయట ఉన్నప్పుడు వాళ్లలో చాలామంది కిడ్నాప్, అత్యాచారం లాంటి నేరాలు చేశారని వెనకనుంచి గొంతు చెబుతుంటుంది. అదే సమయంలో తెర మీద '268 మంది పారిపోయారు' అని పడుతుంది. వినేది హంతకుల గురించి, చదివేది 268, ఆ రెండిట్నీ కలిపేది చూసేవాళ్ల బుర్ర. రాజకీయ ప్రచారాల మీద పరిశోధన చేసే కాథ్లీన్ హాల్ జేమీసన్ తర్వాత ఈ లెక్క విప్పి చూపించారు. ఆ 268 మంది సెలవులు పొందిన 11 వేల మందికి పైగా ఖైదీల్లోంచి వచ్చిన సంఖ్య, అంటే నూటికి ఇద్దరు ముగ్గురు. వాళ్లలో పెరోల్ లేని హంతకులు నలుగురు. ఆ నలుగురిలో కిడ్నాప్, అత్యాచారం చేసినవాడు ఒక్కడు, హోర్టన్. 'చాలామంది' అని గొంతు చెప్పింది ఆ ఒక్కడి గురించి.

హారం అడగడమంటే బాధితుల గోడు తుడిచేయడం కాదని ఇక్కడే చెప్పాలి. జీవితాంతం బయటికి రాకూడదని కోర్టు చెప్పిన మనిషికి అసలు సెలవు ఎందుకివ్వాలి అన్నది న్యాయమైన ప్రశ్న, 1976లో అలాంటివాళ్లకి సెలవులు ఆపే బిల్లుని డుకాకిస్ తోసిపుచ్చిన మాట కూడా వాస్తవం. ఆ ప్రశ్నని ఆ ప్రశ్నగానే అడిగి ఉంటే అది నిజాయితీ గల ప్రచారమయ్యేది. నలుగురి గురించి చెప్పాల్సినదాన్ని 268 మంది మీద పరిచి, సెలవుల పద్ధతి మొత్తాన్నీ నేరాల ఫ్యాక్టరీలా చూపించడం దగ్గరే మోసం ఉంది. అధికారంలో ఉన్నవాళ్లు దీన్ని తిరగేసి కూడా వాడతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో నిర్లక్ష్యం వల్ల పిల్లలు చనిపోతే, రాష్ట్రం మొత్తమ్మీద జరిగిన లక్షల కాన్పుల్లో ఇది ఎన్నో వంతు అని లెక్క చెప్పే మంత్రి దాచేది ఇంకో హారం, ఆ ఆసుపత్రిలో ఆ వారం చేరిన పిల్లలెందరు అన్నది. హారాన్ని ఇష్టమొచ్చినంత పెద్దది చేసుకుంటూ పోతే ఎంత ఘోరమైనా సున్నా పక్కకి చేరుతుంది. కాబట్టి ఎంతమందిలో అని అడగడంతో సరిపోదు, ఆ 'ఎంతమంది'ని ఎవరు ఎంచారు, అది ఈ విషయానికి తగిన గుంపేనా అని కూడా అడగాలి.

ఇక ఇందులో బాగా చిక్కుగా ఉండే రకం ఒకటుంది, ప్రపంచంలో ఏ దేశంలో ఎన్నికలు జరిగినా ఏదో ఒక గుంపు మీద దీన్ని వాడతారు. 'పట్టుబడ్డ దొంగల్లో 40 శాతం ఫలానావాళ్లే' అంటారు. వినేవాళ్ల మనసులో ఇది 'ఫలానావాళ్లలో 40 శాతం దొంగలే' అని కాకపోయినా, దాదాపు అలాంటిదేదో అయి కూర్చుంటుంది. అంకెలు ఊహించుకుని లెక్క వేసి చూద్దాం. 10 లక్షల జనాభా ఉన్న నగరంలో ఆ గుంపువాళ్లు 50 వేల మంది. ఏడాదిలో పట్టుబడ్డ దొంగలు 100 మంది, వాళ్లలో 40 మంది ఈ గుంపువాళ్లు. ప్రచారంలో చెప్పిన 40 శాతం నిజమే. జనాభాలో 5 శాతం ఉన్నవాళ్లు దొంగల్లో 40 శాతం ఉండటం కూడా నిజమే, అంటే వాళ్ల రేటు మిగతావాళ్ల కంటే పన్నెండు రెట్లకి పైనే, దీన్ని దాచిపెట్టి అంతా బాగానే ఉందనడం కూడా తప్పే. కానీ ఆ 50 వేల మందిలో 49,960 మంది దొంగలు కారు. రోడ్డు మీద ఆ గుంపు మనిషి ఎదురైతే అతను దొంగ అయ్యే అవకాశం పదివేలకి ఎనిమిది. ఇల్లు అద్దెకివ్వనని చెప్పడానికి, ఉద్యోగం ఇవ్వకపోవడానికి, ఓటు ఉండకూడదనడానికి జనం మనసులో పనిచేసేది మాత్రం ఆ 40.

ఇంకా లోపలికి వెళ్తే, దొంగతనాలు ఎక్కడైనా ఎక్కువగా చేసేది యువకులైన మగవాళ్లు. ఆ గుంపు కొత్తగా వలస వచ్చిన పనివాళ్లది అయితే అందులో యువకులే ఎక్కువ ఉంటారు, ముసలివాళ్లు, పిల్లలు ఉన్న నగరం మొత్తంతో వాళ్లని పోల్చడం ఎలా కుదురుతుంది? పైగా 'పట్టుబడ్డవాళ్లు' అన్నది పోలీసులు ఎక్కడ ఎక్కువ తిరుగుతున్నారనే దాని మీద కూడా ఆధారపడుతుంది. ఒక సభలో మైకు ముందు ఇరవై సెకన్లలో చెప్పే ఆ ఒక్క శాతానికి జవాబు చెప్పడానికి నాకు రెండు పేరాలు పట్టాయి, ప్రచారంలో దానికున్న బలం కూడా అదే.

2021 ఆగస్టు మధ్యలో ఇజ్రాయెల్‌లో కొవిడ్ వచ్చి పరిస్థితి విషమించి ఆసుపత్రుల్లో ఉన్న 514 మందిలో 59 శాతం రెండు డోసులూ వేసుకున్నవాళ్లేనన్న అంకె ప్రపంచమంతా తిరిగింది. టీకాలని రాజకీయంగా వ్యతిరేకించేవాళ్లకి అంతకంటే మంచి ఆయుధం దొరకలేదు. ఇజ్రాయెల్‌లో అప్పటికి పెద్ద వయసువాళ్లలో నూటికి తొంభై మంది దాకా టీకాలు వేయించుకున్నారు, విషమించే ప్రమాదం ఎక్కువ ఉన్నదీ వాళ్లకే. అందరూ టీకా వేయించుకున్న దేశంలో ఆసుపత్రిలో చేరేవాళ్లు నూటికి నూరు మందీ టీకా వేయించుకున్నవాళ్లే అవుతారు కదా! తొంభై మంది ఉన్న వైపు నుంచి వచ్చినవాళ్లెందరు, పది మంది ఉన్న వైపు నుంచి వచ్చినవాళ్లెందరు అని విడివిడిగా, అదీ వయసుల వారీగా చూస్తే, టీకా లేనివాళ్ల ప్రమాదమే చాలా ఎక్కువని అవే అంకెలు చెప్పాయి.

ఒక్కోసారి హారం దాయడానికి పోలిక వాడతారు. 2016 సెప్టెంబర్‌లో డొనాల్డ్ ట్రంప్ జూనియర్ ఒక గిన్నెడు స్కిటిల్స్ మిఠాయిల బొమ్మ పెట్టి, వీటిలో ఓ మూడు మిమ్మల్ని చంపేస్తాయని చెబితే గుప్పెడు తీసుకుంటారా, మన సిరియా శరణార్థుల సమస్య ఇదే అని ట్వీట్ చేశారు. గిన్నె అనగానే మన కంటికి ఓ వంద, రెండు వందల మిఠాయిలు కనిపిస్తాయి, హారం ఎవరూ చెప్పకుండానే మనమే వేసేసుకుంటాం. అదే నెలలో కేటో ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1975 నుంచి 2015 వరకు లెక్కలు తీసి, శరణార్థిగా వచ్చినవాడు చేసిన ఉగ్రదాడిలో ఒక అమెరికన్ చనిపోయే అవకాశం ఏడాదికి 364 కోట్లలో ఒక వంతు అని చెప్పింది. రెండూ సరిగ్గా ఒకే కొలత కాదు గానీ, ఆ నిష్పత్తి నిలవాలంటే మూడు విషపు మిఠాయిలు ఉన్న గిన్నెలో 1,092 కోట్ల మిఠాయిలు ఉండాలి.

ఇవన్నీ భయాలు రేపేవి. హామీల్లోనూ ఇదే లెక్క నడుస్తుంది. '99 శాతం కచ్చితత్వంతో నేరస్థుల్ని గుర్తుపట్టే కెమెరాలు నగరమంతా పెట్టిస్తాం' అనే హామీ తీసుకోండి. కోటి మంది ముఖాలు ఆ కెమెరాల ముందు నుంచి పోతాయనుకుందాం, వాళ్లలో పోలీసులు వెతుకుతున్నవాళ్లు 100 మంది. కెమెరా 99 మందిని పట్టేస్తుంది, బ్రహ్మాండం. మిగతా 99,99,900 మంది అమాయకుల్లో నూటికి ఒకరి మీద పొరపాటున గంట కొడుతుంది, అంటే దాదాపు లక్ష మంది. గంట వెయ్యిసార్లు మోగితే అందులో అసలు దొంగ ఒక్కడు. 2017 జూన్‌లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్ అప్పుడు పోలీసులు ఇలాంటి కెమెరాలు వాడితే 2,470 హెచ్చరికలు వచ్చాయి, అందులో 2,297 తప్పు మనుషుల మీద. వెతికేది ఎంత అరుదైనదైతే తప్పుడు గంటలు అంత ఎక్కువ. హామీ ఇచ్చేవాళ్లు 99 చెబుతారు, తప్పుడు గంట మోగి ఆగిపోయినవాడి సంగతి చెప్పరు.

అరుదైనదాన్ని వెతికితే ఏమవుతుందో ఓట్ల విషయంలో ఇంకా స్పష్టంగా కనిపించింది. అమెరికాలో వేలమందిని అడిగే ఒక పెద్ద ఎన్నికల సర్వే ఆధారంగా, 2008లో పౌరులు కానివాళ్లలో 6.4 శాతం మంది ఓటు వేశారని 2014లో ఒక పరిశోధనా వ్యాసం వచ్చింది, 2016 ప్రచారంలో ట్రంప్ ఆ పరిశోధనని సభల్లో ప్రస్తావించారు. అసలు ఆ సర్వే నడిపే పరిశోధకులు స్టీఫెన్ అన్సోలబెహేర్, బ్రయన్ షాఫ్నర్, సమంతా లక్స్ 2015లో దానికి జవాబు రాశారు. 2010లోనూ 2012లోనూ జవాబిచ్చిన 19 వేల మంది పైచిలుకులో 20 మంది మొదట పౌరులమని చెప్పి రెండేళ్ల తర్వాత కాదన్నారు. రెండేళ్లలో పౌరసత్వం పోవడం దాదాపు ఉండదు, కాబట్టి వాళ్లు తప్పు గడిలో టిక్ పెట్టినవాళ్లు. వెయ్యికి ఒకరు, ఏ సర్వేకైనా ఇది గొప్ప కచ్చితత్వమే. కానీ సర్వేలో పౌరులు వేలల్లో, పౌరులు కానివాళ్లు వందకి అటూ ఇటూ ఉన్నప్పుడు, అటునుంచి పొరపాటున ఇటు వచ్చిపడ్డ ఇరవై మందే ఈ చిన్న గుంపుని కలుషితం చేసేస్తారు, వాళ్లు పౌరులు కాబట్టి వాళ్లలో ఓటు వేసినవాళ్లు ఉండనే ఉంటారు. రెండుసార్లూ పౌరులం కాదని చెప్పిన 85 మందిని మాత్రమే తీసుకుంటే, వాళ్లలో 2010లో ఓటు వేసినట్టు రికార్డుల్లో తేలినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇంత సాక్ష్యం ఉన్నా ఖండనలు ఎందుకు పనిచేయవంటే, చాలామంది ఖండించేవాళ్లు కథకి శాతంతో జవాబిస్తారు. '0.1 శాతం మాత్రమే' అనేది ఎవరి చెవికీ ఎక్కదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్, ఉల్రిచ్ హాఫ్రాగె 1995లో చూపించిందేమిటంటే, ఇవే లెక్కల్ని శాతాల్లో కాకుండా 'వెయ్యి మందిలో ఇంతమంది' అని మనుషుల సంఖ్యల్లో చెబితే సరిగ్గా అర్థం చేసుకునేవాళ్లు బాగా పెరుగుతారు. అందుకే పైన నేను 49,960 మంది అని రాశాను, 99.92 శాతం అనలేదు. వార్తలు రాసేవాళ్లు ఈ ఒక్క అలవాటు చేసుకున్నా చాలా మారుతుందని నా నమ్మకం. ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లకీ ఇదే చిక్కు, ఘటన జరిగిందా లేదా అని చూసి 'నిజం' అని ముద్ర వేస్తారు. జరిగింది నిజమే, దాన్నుంచి జనం లాగే ముగింపు అబద్ధం, ఆ ముద్ర చివరికి అబద్ధానికే పనికొస్తుంది.

అభ్యర్థులని అడగాల్సిన ప్రశ్న కూడా మనుషుల సంఖ్యల్లోనే అడగొచ్చు. కాన్సాస్ రాష్ట్రం నడిపిన క్రాస్‌చెక్ అనే కార్యక్రమం రెండు రాష్ట్రాల్లో ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్న ఓటర్లని రెండుసార్లు ఓటు వేసే అవకాశం ఉన్నవాళ్లుగా పట్టి చూపించేది. కోట్ల మంది ఉన్న దేశంలో ఒకే పేరు, ఒకే పుట్టినరోజు ఉన్నవాళ్లు కుప్పలుగా దొరుకుతారు. శరద్ గోయల్, మార్క్ మెరెడిత్, మరికొందరు కలిసి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2012 ఎన్నికల్లో రెండుసార్లు ఓటు వేసినవాళ్లు మహా అయితే 4 వేల మందికి ఒకరు. క్రాస్‌చెక్ సూచించిన ఒక పద్ధతిలో పేర్లు తీసేస్తే, అలాంటి ఒక్క ఓటుని ఆపడానికి సక్రమంగా ఓటు వేసిన దాదాపు 300 మంది నమోదు పోతుంది. జాబితాలు ప్రక్షాళన చేస్తామనే నాయకుడికి ఆ 300 అంకె చూపించి, మీకు ఎంతవరకు ఫర్వాలేదు, 300కా, 30కా, మూడుకా, పేరు పోయినవాళ్లు పోలింగ్ రోజుకి ముందే తెలుసుకుని సరిచేసుకునే దారి ఏం పెడతారు అని అడిగితే, దానికి అంకెలోనే జవాబు చెప్పాల్సి వస్తుంది. కాన్సాస్ మాత్రం 2019లో ఒక కోర్టు కేసు రాజీలో భాగంగా క్రాస్‌చెక్‌ని నిలిపేసింది.